సువార్త బయోడేటాలో ఒక లైను ఎక్కువ

తప్పు ముందే ఒప్పేసుకుంటే తిట్లు సగానికి తగ్గుతాయని ఈ రాసేవాడి నమ్మకం. సువార్తకి రావలసిన ఉద్యోగం చెడగొట్టింది వీడే. రాజోలు సెంటర్లో జిరాక్సు మిషను పక్కన కూర్చుని, ఫోనులో వీడియోలు చూసి టైపింగు నేర్చేసుకుని, సగం మండలానికి బయోడేటాలు చేసిపెట్టిన పేతురు అనే ఈ ఘనుడు, సొంత పెద్దమ్మ కూతురి బయోడేటాలో ఒక లైను ఎక్కువ కొట్టేడు. ‘ఎక్మో మిషను మీద స్వతంత్రంగా పనిచేసిన అనుభవం.’ నెట్లో ఎవరో నర్సు కాయితంలోంచి ఎత్తుకొచ్చిన ముక్క అది. ఎక్మో అంటే తినేదో తాగేదో కూడా వీడికి తెలీదు. పేజీ కింద ఖాళీ కనిపించింది, నింపేడు. ఇంగ్లీషులో ఉన్న ఆ రెండు పేజీల్లో సువార్త తన ఫోను నెంబరు సరిగ్గా పడిందా లేదా అన్నది మాత్రం చూసుకుని పంపించేసింది.

సువార్తది తాటిపాక. నర్సింగు చదివి, అమలాపురంలో ఒక పిల్లల ఆసుపత్రిలో తొమ్మిదేళ్లు చేసింది. ఆ ఆసుపత్రి మేడ మీద ఆరు గాజుపెట్టెలుండేవి. నెలలు నిండకుండా పుట్టినవాళ్లని, ‘బాక్సులో పెట్టేరంట’ అని ఊళ్లో చెప్పుకునే పిల్లల్ని, అక్కడికే తెచ్చేవారు. ఒక్కో పిల్లా తొమ్మిది వందల గ్రాములు, అంతకన్నా తక్కువ. చేతి నరం దారప్పోగంత ఉంటుంది. డాక్టరుగారికి చూపు తగ్గిన దగ్గర్నుంచీ ఆ నరం దొరికేది కాదు. ‘‘సువార్తా, నువ్వు చూడమ్మా,’’ అని పక్కకి జరిగేవారు. ఆమె తన వేళ్లు రుద్దుకుని వెచ్చచేసుకుని, ఒక్క పోటుకి సూది ఎక్కించేది. పిల్ల ఊపిరి ఆగిపోతే ముక్కూ నోరూ మూసి గాలి కొట్టే రబ్బరు సంచీ నొక్కుతూ, నీలంగా తిరిగిన పెదాలు మళ్లీ ఎర్రబడేదాకా లెక్కపెట్టుకునేది. తరవాత బయటికొచ్చి, వరండాలో కూలబడిన తల్లితో చెప్పేది: ‘‘డాక్టరుగారు బతికించేరమ్మా.’’

అక్కడ మర్యాద అదే. పని చేసిన చెయ్యి ఎవరిదైనా పేరు డాక్టరుగారిది. ‘నేను చేసేను’ అన్న నర్సుని పొగరుబోతు అనేవారు. తొమ్మిదేళ్లలో సువార్త ఆ మాట ఒక్కసారీ అనలేదు.

చూపు మరీ మందగించాక డాక్టరుగారు ఆ మేడ మూసేసేరు. చుట్టుపక్కల ఎక్కడా ఖాళీ లేక ఆమె హైదరాబాదు వెళ్లి లేడీసు హాస్టల్లో దిగింది. ఒకచోట డిగ్రీ కావాలన్నారు. ఒకచోట వయసు ముప్పై దాటిందన్నారు. రెండు చోట్ల ఫోను చేస్తామన్నారు, చెయ్యలేదు. పసిపిల్లల గదికి ఆరు నెలలు దూరమైతే మళ్లీ ఎవరూ లోపలికి రానివ్వరని హాస్టల్లో నర్సులు చెప్పేరు. చేతికి అలవాటు తప్పిపోతుందట. ఆమెకి ఆరో నెల నడుస్తోంది. ఆమెకి చేతనైన పని అదొక్కటే.

అలాంటప్పుడు ఒక పెద్దాసుపత్రి వాళ్లు పిలిచేరు. నలభై గాజుపెట్టెలు! బయట కూర్చోబెడితే అద్దంలోంచి చూసింది. ఒక నర్సు ఏదో పిల్లకి రెండుసార్లు పొడిచింది, మూడోసారి పొడిచింది. ఒళ్లో ఉన్న సువార్త వేళ్లు వాటంతటవే కదిలేయి.

లోపల నర్సింగు సూపరింటెండెంటూ, ఒక చిన్న వయసు డాక్టరమ్మా ఉన్నారు. డాక్టరమ్మ కాయితం చూసి, ‘‘ఎక్మో మీద ఎన్ని కేసులు చేశారమ్మా?’’ అంది.

‘‘ఎక్మో అంటేనండీ?’’

‘‘రక్తం బయటికి తీసి, ఆక్సిజన్ ఎక్కించి, తిరిగి పంపే మిషను. ఇందులో రాశారుగా.’’

‘‘మా దగ్గర అలాంటిది లేదండీ. మా తమ్ముడు టైపు చేసేడండీ.’’

డాక్టరమ్మ మంచిదే. పెన్ను పక్కన పెట్టి, ‘‘సరే, అది వదిలేద్దాం. కిలో కూడా లేని పిల్లలకి సూది ఎవరు పెట్టేవారు?’’ అంది.

‘నేనే’ అన్న ఒక్క మాట చాలు. నోటిదాకా వచ్చింది కూడా.

‘‘డాక్టరుగారండీ.’’

‘‘ప్రతిసారీ ఆయనేనా?’’

‘‘ఆయ్. ఆయనుండగా మనమెక్కడండీ.’’

‘‘ఊపిరి ఆగినప్పుడు?’’

‘‘ఆయనే చూసుకునేవారండీ. నేను పక్కనుండేదాన్ని.’’

సూపరింటెండెంటు కాయితం తన వైపు లాక్కుని ఒక్కో లైనూ కొట్టేస్తూ వచ్చింది. ఎక్మో కొట్టేసింది. సూదులు కొట్టేసింది. సంచీ కొట్టేసింది. ‘‘అయితే ఇందులో ఒక్కటీ నిజం కాదన్నమాట,’’ అంది, కోపంగా కూడా కాదు. ‘‘వెళ్లిరామ్మా.’’

కిందికొచ్చి గేటు దాటేక సువార్త గిర్రున వెనక్కి తిరిగి, గేటు దగ్గరున్న వాచ్‌మన్‌తో, ‘‘సూది నేనే పెట్టేదాన్నండీ. ఆయనకి కనపడేది కాదండీ,’’ అంది.

‘‘ఎవరికమ్మా సూది? ఓపీ అటువైపు,’’ అన్నాడతను.

అక్కడే గోడవార నిలబడి అమలాపురం ఫోను చేసింది. డాక్టరుగారు ‘‘భోంచేసేవా అమ్మా?’’ అన్నారు. పిల్లలకి సూదులు సువార్తే పెట్టేదని ఒక్క ఉత్తరం రాసిస్తే, రేపు మళ్లీ వెళ్లి చూపించుకుంటానంది.

‘‘రాస్తే మరి, నాకు చూపు లేకుండానే అన్నాళ్లూ నడిపేనని నేనే రాసిచ్చినట్టవుద్ది. బావుండదేమోనమ్మా.’’

‘‘ఆయ్, బావుండదండీ,’’ అంది సువార్త. ‘‘ఉంటానండీ.’’

ఆరో నెల వెళ్లిపోయింది. అక్కడా ఇక్కడా అడిగి, చివరికి ఇళ్లకి నర్సుల్ని పంపే ఏజెన్సీలో పేరిచ్చింది. పక్షవాతం వచ్చిన రిటైర్డు ఇంజినీరు ఒకాయన దగ్గర వేసేరు. పొద్దున ఎనిమిదింటికి వెళ్తుంది. ఆయనకి స్నానం చేయిస్తుంది, బట్టలు మారుస్తుంది. ఆ అపార్టుమెంటులో లిఫ్టులో ఎవరైనా పసిపిల్లతో ఎక్కితే ఆమె గోడవైపు తిరిగి నిలబడుతుంది.

ఇదంతా పేతురుకి పెద్దమ్మ సత్తెమ్మ ఏడుస్తూ చెప్పింది. జిరాక్సు షాపు షట్టరు సగం దించుకుని వాడు ఫోను చేసేడు.

‘‘అక్కా, నన్ను తిట్టవే. చెప్పుచ్చుకు కొట్టు.’’

‘‘అంత దూరం చెప్పెలా విసరనురా?’’

‘‘కొత్త బయోడేటా చేసి పంపిస్తానక్కా. వొట్టు, ఈసారి అన్నీ నిజాలే రాస్తాను.’’

‘‘వద్దురా పేతురూ. ఇక్కడ నన్నెవరూ బయోడేటా అడగలేదు. ఎనభై కిలోల మనిషిని నడుం పట్టుకుని లేపగలవా అనడిగేరు. లేపుతానన్నాను, తీసుకున్నారు. నువ్వు కొట్టిన రెండు పేజీల్లోనూ ఆ ఒక్క ముక్కే లేదురా, వెధవా.’’