నేను గీయని జంట గీత

నా సర్వీసులో ఆఖరి పోస్టింగు పల్నాటిలోని ఒక ఏరియా ఆసుపత్రి. డిప్యూటీ సివిల్ సర్జన్ హోదా, చర్మవ్యాధుల విభాగం. విభాగమంటే నేనూ, ఒక నర్సూ, తలుపు సరిగా పడని ఒక గదీ. రిటైర్మెంటుకు మూడేళ్ళుండగా, మిరప కోతల రోజుల్లో జరిగిన సంగతి ఇది.

నకరికల్లు వైపు నుంచి పద్మ అనే అమ్మాయి తన ఆరేళ్ళ కూతురు శ్రావ్యను తీసుకొచ్చింది. వెంట పద్మ తండ్రి కోటయ్యగారు, ఒకప్పుడు సర్పంచిగా చేసిన మోతుబరి రైతు. పిల్ల ముఖం, మెడ, చేతుల నిండా ఆవాలు చల్లినట్టు నల్లటి మచ్చలు. గౌను కప్పిన చోట మాత్రం చర్మం శుభ్రంగా ఉంది. వెలుతురుకు కళ్ళు విప్పలేకపోతోంది. ముక్కు పక్కన నెలల తరబడి మానని పుండు. ఊళ్ళో ఒకరు మంగన్నారట, ఒకరు ఎలర్జీ అన్నారట. నాకు చూడగానే అవి రెండూ కావనిపించింది.

పుండు నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాను. చర్మ క్యాన్సరని వచ్చింది. ఆరేళ్ళ పిల్లకు! జబ్బు పేరు జీరోడెర్మా పిగ్మెంటోసమ్. ఎండ తగిలినప్పుడల్లా మనందరి చర్మకణాల్లోనూ డీఎన్ఏ కొంత దెబ్బతింటుంది, ఒంట్లోని మరమ్మతు యంత్రాంగం దాన్ని ఎప్పటికప్పుడు సరిచేస్తుంది. ఆ మరమ్మతుకు కావలసిన జన్యువుల్లో ఏదో ఒకటి ఈ పిల్లల్లో పనిచేయదు.

ఇలాంటి జబ్బుల్లో వంశవృక్షం గీయడం మా పద్ధతి. మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు వృత్తం, భార్యాభర్తల మధ్య ఒక గీత. ఇద్దరిదీ రక్తసంబంధమైతే జంట గీత. మేనరికమా అని అడిగాను.

"కాదు డాక్టరమ్మా. అల్లుడిది ఈపూరు, బయటి సంబంధం" అన్నారు కోటయ్యగారు. పద్మ తల వంచుకుంది. అది నా కంటపడింది, కానీ బయట క్యూ పెరిగిపోతోంది. ఒకే గీత గీసి ఫైలు మూశాను.

గుంటూరులో సర్జన్ ఆ పుండును పూర్తిగా తీసేశాడు. పిల్లదీ తల్లిదండ్రులదీ రక్తం హైదరాబాదులో జన్యుపరీక్షకు పంపాం. ఎక్స్‌పీసీ అనే మరమ్మతు జన్యువులో లోపముందని రిపోర్టు వచ్చింది. తల్లి నుంచి వచ్చిన ప్రతిలోనూ తండ్రి నుంచి వచ్చిన ప్రతిలోనూ అచ్చం ఒకే చోట, ఒకే తప్పు. సంబంధంలేని ఇద్దరి మధ్య ఇలా జరగకూడదని లేదు గానీ, అరుదు. వాళ్ళను మళ్ళీ పిలిపించాను.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "కోటయ్యగారూ, రక్తం అబద్ధం చెప్పదు, మీరు చెబుతున్నారు" అనేశాను.

"అబద్ధమాడాల్సిన ఖర్మ నాకేందమ్మా?" అని ఆయన లేచి నిలబడ్డారు.

అప్పుడు పద్మ నోరు విప్పింది. "మా ఆయన మా మేనత్త కడుపునే పుట్టాడు డాక్టరమ్మా. పసిగుడ్డుగా ఉన్నప్పుడే ఈపూరోళ్ళకి దత్తతిచ్చారు."

"ఏమే, ఆస్పత్రిలో ఎందుకే ఆ మాటలు?" అని కసిరి, కోటయ్యగారు నావైపు తిరిగారు. "మంత్రాలు చదివి ఇచ్చేశాక వాడు వాళ్ళ బిడ్డ. మావాడని నోరుజారితే, ఈపూరోళ్ళ పొలం కోసం కక్కుర్తి పడి ఇచ్చామంటారు." ఆయన అబద్ధమాడలేదు. ఆయన లెక్కలో అది నిజంగానే బయటి సంబంధం. నాకు సిగ్గేసింది.

అంతటితో అయిపోలేదు. పద్మ చెల్లెలు సుజాతను అదే మేనత్త చిన్నకొడుక్కి ఇవ్వబోతున్నారు. తాంబూలాలు పుచ్చుకున్నారు, ముహూర్తం నెలరోజుల్లో ఉంది. కోటయ్యగారికి ఆయన ఎరిగిన భాషలో చెప్పాను: సాగర్ కాలువ గట్టు మీద గండి కనిపెట్టే లస్కరు లాంటిది ఈ జన్యువు. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. ఒకటి గుడ్డిదైనా రెండోది కాపలా కాస్తుంది. శ్రావ్యకు రెండూ గుడ్డివే వచ్చాయి. పెళ్ళికి ముందే ఆ ఇద్దరికీ పరీక్ష చేయించమన్నాను.

"చానా బాగుంది! రక్తం పరీక్షలు చేసి పెళ్ళిళ్ళు చేస్తారా ఎక్కడన్నా? తోబుట్టువుకి నేనేం మొహం చూపించాలి?" అని విసురుగా వెళ్ళిపోయారు.

రెండు రోజులకు సుజాత ఆ కుర్రాడి బండెక్కి వచ్చింది. "నాన్నకి చెప్పలేదండీ. ముందు సూది గుచ్చండి, తిట్లు తర్వాత తింటాం" అని చెయ్యి చాపింది. ఆ అబ్బాయి కూడా మారుమాట లేకుండా చొక్కా చెయ్యి మడిచాడు. ఆ పిల్ల గుండెధైర్యానికి నాకు ముచ్చటేసింది.

ఇద్దరిలోనూ ఒక్కో ప్రతిలో లోపముంది. వాళ్ళ ఆరోగ్యానికి ఢోకా లేదు గానీ, ప్రతి కాన్పులోనూ బిడ్డకు నాలుగింట ఒక వంతు ప్రమాదం. పెళ్ళి చేసుకున్నా గర్భంలోనే పరీక్ష చేసే వీలుందని కూడా చెప్పాను. నిర్ణయం వాళ్ళది, నాది కాదు. "అక్క రోజూ కిటికీలకి దుప్పట్లు కడతంటే చూస్తన్నా. నావల్ల కాదండీ" అంది సుజాత. ఆ అబ్బాయి ఏడ్చాడు.

సుజాత ఇంట్లో సంగతి చెప్పాక, తాంబూలాలు వెనక్కి ఇవ్వడానికి కోటయ్యగారే వెళ్ళారు. తర్వాత శ్రావ్యను మూడు నెలల చెకప్‌కు ఆయనే తీసుకొచ్చారు. పిల్లకు నల్లకళ్ళజోడు, ఒళ్ళంతా కప్పే బట్టలు.

"నా చెల్లెలు నాతో మాట్టాడటం మానేసింది. తొలిరోజే దత్తత సంగతి చెప్పుంటే నా మనవరాలికి నయమయ్యేదా అమ్మా?"

కాదన్నాను. ఈ పిల్లకు ఏమీ మారేది కాదు.

"మరి ఈ నిజం ఎవరికి పనికొచ్చింది?"

"సుజాతకు పుట్టబోయే పిల్లలకు" అన్నాను.

జన్యువు చుట్టరికాన్ని చూడదు, పుట్టుకనే చూస్తుంది. నేనేమో చుట్టరికం అడిగి, పుట్టుక తెలిసిందనుకున్నాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా వంశవృక్షం గీసిన ప్రతిసారీ రెండు ప్రశ్నలు విడివిడిగా అడిగాను: ఎవరి కడుపున పుట్టావు, ఎవరింట్లో పెరిగావు? రెండింటికీ వేర్వేరు జవాబులు చెప్పినవాళ్ళు నేననుకున్నదానికంటే ఎక్కువమందే. అంతకుముందు వచ్చినవాళ్ళను నేను అడగలేదు.