లోపల సంచి ఉండగా

పాత బస్టాండుకు ఎదురుగా, లాడ్జి మెట్ల కింద ఉన్న ఇరుకు గది ఆమె సంచుల రిపేరు దుకాణం. లోపల నిటారుగా నిలబడితే మెట్టు తలకు కొట్టుకుంటుంది. అలవాటైనవాళ్లు వంగి వస్తారు, కొత్తవాళ్లు నుదురు రుద్దుకుంటూ కూర్చుంటారు. ఒక కుట్టుమిషను, ఒక బల్ల, గోడ మేకులకు గుత్తులుగా వేలాడే జిప్పు రన్నర్లు, పట్టీలు, సూట్‌కేసు చక్రాలు. సూది పని ఆమెది. సుత్తి పని భర్తది. బోర్డు లేదు. ఎవరైనా అడిగితే "దారాలక్క దగ్గరికా? అదిగో, మెట్ల కింద" అని చూపించేవారు.

ఆ పేరు ఒక పొరపాటు వల్ల వచ్చింది. దుకాణం పెట్టిన కొత్తలో ఒకే ఉదయం రెండు నల్ల సూట్‌కేసులు వచ్చాయి. రెంటికీ చక్రాలే పోయాయి. సాయంత్రం ఒకరిది ఇంకొకరికి ఇచ్చి పంపింది. ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లిన మనిషి లాడ్జి గదిలో పెట్టె తెరిస్తే కోటుకు బదులు పసిపిల్ల గౌన్లు, పాలసీసా బయటపడ్డాయి. తిరిగొచ్చి దుకాణం ముందు ఒంటికాలి మీద లేచాడు.

"ఏం వేసుకుని వెళ్లమంటావమ్మా ఇంటర్వ్యూకి? ఈ గౌనా?"

పక్కన నిలబడ్డవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. అతనికి ఆ ఉద్యోగం వచ్చిందో లేదో ఆమెకు ఇప్పటికీ తెలియదు. దాని గురించి ఎవరైనా జోకులేస్తే ఆమెకు నచ్చదు.

మర్నాటి నుంచి దారం పద్ధతి పెట్టింది. రెండు రంగుల దారాలు కలిపి పురి పెడుతుంది. మధ్యకు కత్తిరించి సగం సంచి పిడికి కడుతుంది, సగం మనిషి చేతిలో పెడుతుంది. ఒక సంచికి కట్టిన రంగుల జత ఆ సంచి ఉన్నంతకాలం ఇంకో సంచికి కట్టదు. వచ్చినవాళ్లు తమ సగం చూపిస్తే, పక్కన పెట్టి చూసి సంచి ఇచ్చేస్తుంది. పేరు అడగదు, ఊరు అడగదు. చీటీలైతే జేబులో తడిసి ముద్దవుతాయి. దారాన్ని తాళంచెవుల గుత్తికో, చొక్కా గుండీకో కట్టుకుని మనుషులు మర్చిపోయినా అది మాత్రం ఎక్కడికీ పోదు.

ఆమెకు ఇంకో పట్టుదల ఉంది. లోపల ఒక్క సంచి ఉన్నా షట్టరు దించదు. ఏటి అవతల పనులకు వెళ్లేవాళ్లు పొద్దున తెగిన సంచి పడేసి బస్సెక్కుతారు, సాయంత్రం దిగి తీసుకుంటారు. బస్సు ఆలస్యమైతే ఆమె కూర్చుంటుంది.

"బస్సు డ్రైవరు పెళ్లాం కూడా ఇంతగా ఎదురుచూడదే" అనేవాడు భర్త.

"ఆవిడ దగ్గర ఎవరి సంచులూ లేవు కదండీ" అనేది.

ఏటి మీది వంతెన మూసేసిన రోజు కూడా పొద్దున్నే సంచులు వచ్చాయి, రోజూకన్నా ఎక్కువే. బల్ల కింద, మిషను పక్కన, గోడ వారగా పేర్చింది. మధ్యాహ్నం రావలసిన బస్సు రాలేదు. దాని వెనకది కూడా రాలేదు. కెటిల్‌తో బస్టాండులో తిరిగే టీ బాబాయి మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"కాలు విరిగిందంట, అమ్మాయ్."

"అయ్యో! ఎవరిది బాబాయ్?"

"వంతెనది. స్తంభం పగిలిందంట. జీపు అడ్డం పెట్టేశారు. ఇక బస్సులన్నీ ఊరి చివర కొత్త బస్టాండుకేనంట."

కొత్త బస్టాండు కట్టి చాలాకాలమైంది. ఎవరూ వెళ్లక ఖాళీగా పడి ఉండేది. ఆ పూటతో దానికి ప్రాణం వచ్చింది, దీనికి పోయింది. ప్లాట్‌ఫారాల మీద పావురాలు తాపీగా నడవడం మొదలుపెట్టాయి. కాసేపటికి మైకు పెట్టిన ఆటో ఒకటి దుకాణాల వరస ముందు నుంచి వెళ్లింది. పాత దుకాణాలవాళ్లు సాయంత్రం లోపు సామాన్లతో వచ్చి హాజరైతే కొత్త బస్టాండులో గదులు ఇస్తారట. రానివాళ్ల గదులు వేరేవాళ్లకట.

వరసంతా ఒక్కసారిగా లేచింది. పళ్ల దుకాణం, తాళాల దుకాణం, మంగలి కుర్చీ అన్నీ రోడ్డెక్కాయి. భర్త మేకులకున్న గుత్తులు దించి గోనెలో వేయడం మొదలుపెట్టాడు.

"మీరు వెళ్లండి" అందామె.

"నేనొక్కడిని వెళ్తే ఇవ్వరంట. దుకాణం మూసి, తాళంచెవి చూపించాలంట."

"ఈ సంచులో?"

"వేసుకుపోదాం. షట్టరు మీద సుద్దతో రాద్దాం, ఫలానా చోట ఉన్నామని."

"ఆ ఫలానా చోటు ఏదో మీకే తెలియదు. ఏ గది ఇస్తారో, ఎప్పుడిస్తారో. బస్సుల్లేక వాళ్లు ఎలాగో చుట్టూ తిరిగి, నడిచి వచ్చారనుకోండి. సుద్దరాత చూసి మళ్లీ ఊరి చివరికి నడవాలా?"

"ఎవరూ రారే ఇవాళ. అవతలే ఆగిపోయుంటారు."

"వస్తే?"

గోనె కింద పడేసి భర్త బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. అది ఆయన కోపం. అరవడు, కూర్చుంటాడు.

సాయంత్రానికి ముగ్గురో నలుగురో వచ్చారు. చుట్టుదారిన ఇసుక లారీ ఎక్కి, మిగతా దూరం నడిచి వచ్చారట. అందరిలో ముందు అవతలి ఆసుపత్రిలో పనిచేసే నర్సు. తెల్లచెప్పులు బురదలో రంగు మారిపోయాయి. తాళంచెవులు తీసి దారం చూపించింది.

"ఉంటారని తెలుసక్కా. అవతలే ఆగిపోయినవాళ్లు నవ్వారు, వరసంతా ఎప్పుడో ఖాళీ అయ్యుంటుంది, నీకోసం కాచుక్కూచుంటుందా అని."

"వాళ్ల సంచులు కూడా ఉన్నాయని చెప్పు" అంది దారాలక్క.

వరసలో వెలిగిన దీపం వాళ్ల దుకాణానిదొక్కటే. ఆ సంగతి మెట్ల మీది మనిషి కూడా చూశాడు. కానీ కొత్త బస్టాండులో వాళ్ల గది ఆ సాయంత్రమే సెల్‌ఫోను కవర్లవాళ్లకు వెళ్లిపోయింది. టీ బాబాయి వచ్చి చెప్పాడు, ఆమె మొహంలోకి చూడకుండా.

"పోతే పోనీ" అంది. కానీ ఆ తర్వాత సూదిలో దారం ఎక్కించడానికి చాలాసేపు పట్టింది.

పొద్దున లేచేసరికి ఆమె ఒక నిర్ణయానికి వచ్చేసింది. పళ్లవాడి తోపుడుబండి అడిగి తెచ్చింది. మిగిలిన సంచులన్నీ దాని మీద పేర్చి, పైన కుట్టుమిషను, సామాన్ల గోనె కట్టింది.

"గది లేదుగా, ఎక్కడ పెడతావే దుకాణం?" అన్నాడు భర్త.

"దుకాణం ఎవరు పెడతామన్నారు? సంచులు తీసుకుని బస్టాండుకు వెళ్తున్నాం. సంచులతో బస్టాండుకు వెళ్లడం ఎక్కడా తప్పు కాదు."

కొత్త బస్టాండు తళతళలాడుతోంది. ప్లాట్‌ఫారం మోకాలి ఎత్తున ఉంది. అంచుకు ఇనుపబద్ద బిగించారు, మెట్టు లేదు. బండి ఎక్కించబోతే ముందు చక్రం ఆ బద్దకు కొట్టుకుని సొట్టపోయింది. ఆ అంచు కట్టినవాళ్లను భర్త పుట్టుకతో సహా తిట్టాడు. ఇద్దరూ సంచులు ఒక్కొక్కటే మోసి, బస్సు దిగే చోట గోడ వారగా వరసగా పెట్టారు, దారాలు కనపడేలా. ఆమె చాప పరచుకుని కూర్చుంది.

మెళ్లో విజిల్‌తో సూపర్‌వైజరు వచ్చాడు. కుర్రవాడే. ఇస్త్రీ చొక్కా.

"ఏంటమ్మా ఇది? ఇక్కడ దుకాణాలు పెట్టకూడదు."

"ఇది దుకాణం కాదు బాబూ. లగేజీ."

"మిషనో?"

"అదీ లగేజే. ఊరెళ్లేవాళ్లు మిషను తీసుకెళ్లకూడదా?"

"ఏ ఊరు? ఏ బస్సు?"

"ఏటి వంతెన మీదుగా వెళ్లే బస్సు."

"ఆ వంతెన మూసేశారు కదమ్మా!"

"తెలుసు. అందుకే కూర్చున్నాం. తెరిచేదాకా కూర్చుంటాం."

చుట్టూ ఉన్న ప్రయాణికులు గొల్లున నవ్వారు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"సంచులన్నీ మీవేనా?"

"ఒక్కటీ మాది కాదు. వీటి మనుషులు అవతల చిక్కుకుపోయారు. ఒక్కొక్కరే ఇక్కడే దిగుతారు. ముట్టుకుని చూడండి, మీ మీదే కంప్లయింట్ ఇస్తారు."

సూపర్‌వైజరు వరస పొడుగునా నడిచి వచ్చాడు. "సరే. ఇవి ఇచ్చేయగానే లేవాలి. మళ్లీ మాట మార్చకూడదు."

"సంచి ఉండగా లేవను. సంచి లేకపోతే నాకిక్కడేం పని?"

భర్త ఆమె వైపు చూసి తల పట్టుకున్నాడు.

అన్నట్టుగానే మనుషులు వచ్చారు. చుట్టుదారి బస్సులు నత్తల్లా నడుస్తున్నాయి. ఒకటి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు దిగి, గోడ వారన తమ సంచి చూసి నోరు తెరిచేవారు. తాళంచెవులు, గుండీలు, ముడుచుకున్న జేబులు వెతికి దారాలు తీసేవారు. వరస రోజురోజుకూ కురచబడింది. సూపర్‌వైజరు దూరం నుంచి చూస్తుండేవాడు. దారం కలిసిన ప్రతిసారీ ఒక వేలు ముడిచేవాడు.

చివరికి ఒక్క సంచి మిగిలింది. గోధుమరంగు తోలుసంచి, కళ్లద్దాల ఫ్రేములు ఊరూరా తిరిగి అమ్మే ఆయనది. ఆయన ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలియదు. భర్తకు ఆశ పుట్టింది. బస్సు వచ్చినప్పుడల్లా దిగేవాళ్లను గుడ్లప్పగించి చూసి, ఆయన లేడని తెలియగానే ఊపిరి పీల్చుకునేవాడు.

"ఆయన ఇంకో ఏడాది రాకపోతే బాగుండు."

"మనిషి ఇంటికి చేరకూడదని కోరుకుంటున్నారా?"

"ఇంటికి చేరనీ. ఇటు రాకపోతే చాలు."

ఆ మధ్యాహ్నమే ఆయన దిగాడు. చంకలో గొడుగు, నెరిసిన గడ్డం. సంచి ఇక్కడుంటుందని అనుకోలేదేమో, నేరుగా బయటి గేటు వైపు నడుస్తున్నాడు. ముందు చూసింది భర్తే.

"అటు చూడకే" అన్నాడు గొంతు తగ్గించి. "చూడనట్టుండు. ఆయనకు తెలియదు మనమిక్కడున్నట్టు. ఈ సంచి ఉన్నంతకాలం మనం ఉండొచ్చు."

ఆమె గేటు వైపు చూసింది. తోలుసంచి వైపు చూసింది. చాప మీద నుంచి లేచి నిలబడింది.

"కళ్లద్దాల సార్!" ఆ కేకకు ప్లాట్‌ఫారమంతా తిరిగి చూసింది. "మీ సంచి ఇక్కడుంది!"

భర్త కళ్లు మూసుకున్నాడు.

ఆయన వచ్చాడు. కళ్లద్దాల పెట్టెలోంచి దారం తీసి ఇచ్చాడు. ఎరుపూ ఆకుపచ్చా. కలిసింది. సంచి చేతికిచ్చి పిడి లాగి చూసుకోమంది. ఈలోపు సూపర్‌వైజరు వచ్చి నిలబడ్డాడు. ఆఖరి వేలు ముడిచాడు.

"అయిపోయాయి కదమ్మా. మాటంటే మాటే."

"మాటే" అంది. చాప చుట్టడానికి వంగింది.

"ఏమైంది?" అన్నాడు కళ్లద్దాల ఆయన. కెటిల్‌తో ఇప్పుడు ఇక్కడే తిరుగుతున్న టీ బాబాయి రెండు ముక్కల్లో చెప్పాడు. ఆయన అదే తోలుసంచి తిరిగి ఆమె ముందు పెట్టాడు. "అయితే దీన్నింకోసారి చూడమ్మా. జిప్పు పట్టేస్తున్నట్టుంది."

ఆమె జిప్పు ఒకసారి తెరిచి మూసింది. నీళ్లలా నడిచింది.

"దీనికేం కాలేదు సార్. నా కుట్టు నాకు తెలుసు. లేని రోగానికి నేను కుట్లు వేయను. తీసుకెళ్లండి."

"నీకు పిచ్చి" అన్నాడు భర్త, అందరికీ వినపడేలా.

చాప చుట్టడం పూర్తయింది. భర్త మిషను ఒక వైపు పట్టుకున్నాడు, ఆమె ఇంకో వైపు. అప్పుడే చుట్టుదారి బస్సొకటి వచ్చి ఆగింది. లోపలున్నవాళ్లు తోసుకుంటూ దిగారు. ఒక లావుపాటి పెద్దావిడ సూట్‌కేసును ప్లాట్‌ఫారం మీదికి లాగింది. ఇనుపబద్దకు తగిలి టక్కుమన్న శబ్దం. చక్రం ఒకటి ఎగిరి సూపర్‌వైజరు బూటు దగ్గరికి దొర్లింది.

"నాశనం!" అంది పెద్దావిడ. "ఇప్పుడు దీన్నెలా మొయ్యాలి? నా బస్సు ఇంకో గంటలో ఉంది!"

దారాలక్క మిషను కింద పెట్టింది. చక్రం తీసుకొచ్చి చూసింది. రివెట్టు ఊడింది, చక్రం బాగానే ఉంది. కొంగు ముడిలోంచి పసుపు దారం, నీలం దారం తీసి పురి పెట్టింది. సగం సూట్‌కేసు పిడికి కట్టి, సగం ఆవిడ చేతిలో పెట్టింది.

"పోయి నీడలో కూర్చోండమ్మా. మీ బస్సు కంటే ముందే అయిపోతుంది."

చాప మళ్లీ పరిచింది. సూపర్‌వైజరు విజిలు నోటి దాకా తీసుకెళ్లి ఆగాడు.

"ఇదేంటమ్మా! సంచి లేకపోతే లేస్తానన్నావు."

"సంచి ఉంది కదా బాబూ."

"ఇలా అయితే ఎప్పటికీ లేవవు!"

"ఆ అంచు సరి చేయించండి, లేస్తాను. మేం వచ్చిన రోజు నుంచి ఎన్ని చక్రాలు పోయాయో మీరూ చూశారు. మా తోపుడుబండిదే మొదటిది."

"అది కట్టించింది నేను కాదు."

"కట్టించినవాళ్లను రమ్మనండి. నేనెక్కడికీ పోను, ఇక్కడే ఉంటాను."

అతను అంచు వైపు చూశాడు. ఇంకో బస్సు లోపలికి మళ్లుతోంది. తలుపు దగ్గర అప్పుడే పెట్టెలు కనిపిస్తున్నాయి. భర్త గోనె ముడి విప్పి, సుత్తి తీసి, సూట్‌కేసును ఒళ్లోకి లాక్కున్నాడు.