మావయ్య బండి వెనక్కి తిప్పిన రోజు

నా చిన్నప్పుడు నాకు తెలిసిన అడవి, సింగపూర్ టోవా పాయోలో మా ఫ్లాట్ కిటికీలోంచి కనిపించే చెట్ల వరస ఒక్కటే. ఆ చెట్లకి కూడా ఎవరో వచ్చి కొమ్మలు కత్తిరించి, రాలిన ఆకులు ఊడ్చి వెళ్లేవారు. అందుకే బడి సెలవుల్లో సముద్రం మీది కాజ్‌వే రోడ్డు దాటి, మలేసియాలోని జొహోర్‌లో మా పెద్ద మావయ్య ఉండే తోటకి వెళ్లడమంటే నాకు ఇంకో లోకంలో దిగినట్టుండేది. అక్కడ చెట్లని ఎవరూ దువ్వరు. వాన పడితే ఎర్రమట్టి మోకాళ్ల దాకా పట్టుకుంటుంది. రాత్రి ఏదో జంతువు తిరిగిన గుర్తులు పొద్దున్నే పెరట్లో కనిపిస్తాయి.

మావయ్య మా అమ్మకి అన్న. వాళ్ల తాతలు రబ్బరు తోటల్లో పనికని ఓడ మీద వచ్చినవాళ్లు. అమ్మ పెళ్లయి సింగపూర్ వచ్చేసింది. మావయ్య అక్కడే ఉండిపోయి పామాయిల్ తోటలో మేస్త్రీ అయ్యాడు. పొడుగాటి మనిషి. మాట తక్కువ. ఆయన ఒకసారి చెప్పిన పని రెండోసారి చెప్పాల్సి రావడం నేను చూడలేదు.

కొత్తగా నాటిన పామాయిల్ మొక్కలకి పెద్ద శత్రువు అడవి పంది. మొక్కని మొదలంటా తవ్వి, లోపలి లేత మొవ్వు తినేసి పోతుంది. పొద్దున వెళ్లి చూస్తే వరసకి వరసే నేలమీద పడి ఉండేది. అందుకని తోటవాళ్లు మావయ్యకి లైసెన్సు తుపాకి ఒకటి ఇప్పించారు. ఆదివారం ఉదయాలు ఆయన, పనివాళ్లలో కొందరు, బండ్లేసుకుని వేటకి వెళ్లేవారు. వాళ్లవి మట్టిదారుల్లో తిరిగే మోటారు సైకిళ్లు. మావయ్యది మాత్రం తోటవాళ్లు బురద నేలల కోసం కొత్తగా కొన్న మూడు చక్రాల బండి. దాని టైర్లు ఊదిన బుడగల్లా లావుగా ఉండేవి. దాన్ని చూడటానికే పిల్లలు పరిగెత్తుకొచ్చేవారు.

మావయ్య చెవుల గురించి ఆ తోటలో కథలు చెప్పుకునేవారు. ఆయన మెడ కాస్త పక్కకి వంచి, "కాలవ అవతల, రెండు" అంటే అవతల రెండే ఉండేవి. నాకు ఆయన మామూలు మనిషిలా అనిపించేవాడు కాదు.

తారు రోడ్డు వదిలి తోటలోకి మట్టిదారి మళ్లే చోట ఒక గేటు ఉండేది. గేటు పక్కన అడ్డంగా కొట్టిన పొడవాటి చెక్క, దానికి వరసగా పెద్ద మేకులు. బండి మీద వచ్చిన ప్రతివాడూ అక్కడ ఆగి, హెల్మెట్ తీసి మేకుకి తగిలించి లోపలికి పోయేవాడు. లోపల పోలీసులుండరు, ఒకటి. హెల్మెట్ పెట్టుకుంటే పంది అలికిడి వినపడదు, రెండు. మనం గుమ్మం బయట చెప్పులు విడిచినంత సహజంగా వాళ్లు అక్కడ హెల్మెట్లు విడిచేవారు. ఆ మేకులు కొట్టినవాడు మావయ్యే.

ఆ మూడు చక్రాల బండి కొన్న ఏడు నన్ను కూడా వేటకి తీసుకెళ్లమని ఏడ్చి, అలిగి, అన్నం మానేసి అమ్మని ఒప్పించాను. మా ఇంట్లో హెల్మెట్‌ని మలయ్ వాళ్లలాగా టోపీ అనేవాళ్లం. "నెత్తి మీద టోపీ తీశావని తెలిసిందో, మళ్లీ జొహోర్ పేరెత్తకు" అంది అమ్మ. నాన్న బండి వెనక కూర్చునేటప్పుడు పెట్టుకునే నా టోపీనే సంచిలో పెట్టి పంపింది. తియ్యనని అమ్మ చెయ్యి పట్టుకుని మాటిచ్చాను.

ఆదివారం తెల్లవారాక గేటు దగ్గర ఆగాం. అందరూ దిగి హెల్మెట్లు మేకులకి తగిలించారు. నేను తియ్యలేదు. తోటలో మిగిలిన రబ్బరు చెట్లకి పాలు గీసే అన్న ఒకడు ఉండేవాడు, నవ్వించకుండా నిలబడలేడు. నా ముందుకొచ్చి వంగి, అక్కడివాళ్లు మాట చివర తగిలించే "లా"తో అడిగాడు.

"ఏం తంబీ, సింగపూర్ పోలీసులు ఇక్కడి దాకా వస్తారా లా?"

అందరూ నవ్వారు. అతను ఆగలేదు. "జాగ్రత్త బాసూ, పంది వీణ్ణి చూసి పోలీసనుకుని లైసెన్సు తీసి చూపిస్తుంది!"

చెవులు కాలిపోయాయి నాకు. గబగబా టోపీ తీసి, మావయ్యది ఎక్కడ వేలాడుతోందో వెతికి, దాని పక్క మేకుకే తగిలించాను. మావయ్య చూశాడు. చూసి బండెక్కాడు. అమ్మకిచ్చిన మాట తప్పానన్న బాధ అప్పుడు నాకు రవ్వంత కూడా లేదని ఇక్కడ ఒప్పుకోవాలి. పెద్దవాళ్ల హెల్మెట్ల వరసలో నాది కూడా ఒకటి ఉందన్న గర్వమే ఉంది.

బండి కదిలింది. మావయ్య నడుం పట్టుకుని కూర్చున్నాను. చల్లగాలి జుట్టులోంచి పోతుంటే హాయిగా ఉంది. కొంత దూరం పోయాక దారి సన్నబడింది. ఒక పక్క లోతైన కాలవ. అక్కడక్కడా కాలవ మీద సిమెంటు తూములు, వాటి అంచులు కత్తిలా ఉన్నాయి. ఇంకో పక్క నరికేసిన పాత చెట్ల మొదళ్లు. బండి ఒక్కో గుంటలో పడి లేచినప్పుడల్లా మావయ్యని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. అప్పుడు నేనడిగిన ప్రశ్న తెలివితోనో, అమ్మ మాట గుర్తొచ్చో అడిగింది కాదు. భయమేసింది. ఏమీ కాదురా అని మావయ్య అంటే వినాలనిపించింది.

"మావయ్యా, ఇక్కడ పడితే దెబ్బ తగలదా?"

బండి అలాగే పోతోంది. వినలేదేమో అనుకున్నాను. కాసేపటికి బండి నెమ్మదించింది. తర్వాత ఆగింది. ఇంజను అలా కొట్టుకుంటూనే ఉంది. ఆయన ముందుకే చూస్తూ కూర్చున్నాడు. నాకు ఆయన వీపు తప్ప ఏమీ కనిపించలేదు. అడగకూడనిదేదో అడిగానని గట్టిగా అనిపించింది.

అప్పుడాయన బండి వెనక్కి తిప్పాడు.

వెనక వస్తున్నవాళ్లు దారిలో ఆగి, పక్కకి జరిగారు. పాలు గీసే అన్న అరిచాడు. "ఏం బాసూ, ఏం మర్చిపోయావ్?"

"తలకాయ" అన్నాడు మావయ్య, ఆపకుండానే.

గేటు దాకా వెళ్లాం. ముందు నా టోపీ తీసి నాకు పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించి, రెండుసార్లు గుంజి చూశాడు. తర్వాత తనది పెట్టుకున్నాడు. అలవాటు లేని చోట పెట్టుకున్నందుకో ఏమో, అది ఆయన తల మీద ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది. తిరిగి వచ్చేసరికి మిగతావాళ్లు అక్కడే నిలబడి ఉన్నారు.

"అది పెట్టుకుంటే పంది ఎట్లా వినపడుద్ది బాసూ? దానికి ఫోను చేస్తావా?"

"ఆగి వింటాలే" అన్నాడు. మీరూ పెట్టుకోండి అని మాత్రం అనలేదు. వాళ్లు నవ్వుకుంటూ ముందుకి వెళ్లిపోయారు. మేం వెనకబడ్డాం.

ఆ తర్వాత నాకు దొరికినది నా బతుకులో మళ్లీ దొరకలేదు. మావయ్య కొంత దూరం పోయి ఇంజను ఆపేవాడు. ఇద్దరం దిగి, హెల్మెట్లు తీసి ఒళ్లో పెట్టుకుని, నేలమీద కూర్చుని వినేవాళ్లం. మొదట నాకేమీ వినిపించలేదు. అంతా నిశ్శబ్దమే అనుకున్నాను. తర్వాత ఆ నిశ్శబ్దం మెల్లగా విడిపోవడం మొదలెట్టింది. పామాయిల్ మట్టల చివరనుంచి రాత్రి వాననీళ్లు బొట్లుబొట్లుగా పడుతున్నాయి. కాలవలో ఏదో దిగింది. చాలా దూరంలో ఒక పెద్ద పక్షి రెక్కలు కొట్టుకుంటూ పోతుంటే, ఎవరో మందపాటి దుప్పటి దులుపుతున్నట్టు వినిపించింది. మావయ్య వేలెత్తి ఒక్కోదాన్నీ చూపించేవాడు. మళ్లీ హెల్మెట్లు పెట్టుకుని, పట్టీలు బిగించి, ఇంకొంత దూరం. మళ్లీ ఆగడం, మళ్లీ వినడం.

అలా కూర్చున్న ఒకచోట మావయ్య నా భుజం మీద చెయ్యేసి నొక్కాడు. ఎదురుగా దారి దాటుతోంది తల్లి పంది. అంత పెద్ద ప్రాణిని అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. దాని వెనక బుల్లి పిల్లలు, ఒంటినిండా లేత చారలతో, ఒకదాన్నొకటి తోసుకుంటూ. తల్లి మధ్యలో ఆగింది. మా వైపు తిరిగింది. నేను ఊపిరి తీసుకోలేదు. మావయ్య తుపాకి జోలికి పోలేదు. అందులో గుళ్లు కూడా పెట్టలేదు. పిల్లలన్నీ దాటేదాకా నిలబడి, ఆ తల్లి పొదల్లోకి వెళ్లిపోయింది. అది తోటని నాశనం చేసే జంతువనీ, దాన్ని చంపడానికే మేం వచ్చామనీ ఆ క్షణం నాకు గుర్తు లేదు. మావయ్యకి గుర్తుండే ఉంటుంది. అయినా ఆయన కదల్లేదు.

ఇంతలో ముందు వెళ్లినవాళ్లు దూరంనుంచి కేకలేశారు. వాళ్లకేదో కనబడినట్టుంది. హెల్మెట్లు పెట్టుకుని పట్టీలు బిగించాం, మావయ్య నన్ను ఎక్కించుకుని బండి వేగం పెంచాడు. దారికి అడ్డంగా పడ్డ ఎండు మట్ట కింద గుంట ఉందని ఎవరికి తెలుసు? ముందు చక్రం అందులో దిగింది. వెనక రెండు చక్రాలూ లేచాయి. ఆకాశం, మట్టి, మళ్లీ ఆకాశం. నేను వెళ్లి మట్టల కుప్పలో పడ్డాను. మావయ్య తూము మీద పడ్డాడు. ఆయన తల సిమెంటు అంచుకి తగిలిన చప్పుడు విన్నాను. అప్పటిదాకా వినడం నేర్చుకుంటున్న చెవులతో విన్నాను.

ఆయన కదల్లేదు. బండి పక్కకి పడి, చక్రం ఒకటి గాల్లో తిరుగుతోంది. మావయ్యా అని పిలిచాను. పాక్కుంటూ వెళ్లాను. అమ్మకేం చెప్పాలి, అత్తయ్యకేం చెప్పాలి అనుకుంటూ ఆయన చొక్కా పట్టి గుంజాను. అప్పుడాయన మోచేతి మీద లేచాడు. నన్ను పైనుంచి కిందదాకా చూశాడు.

"తలకాయ ఉందా?" అన్నాడు.

తల ఊపాను.

"నాదీ ఉంది" అన్నాడు.

హెల్మెట్ తీశాడు. చెవి పక్కనుంచి నడినెత్తి దాకా చీలిపోయింది. ఆ చీలిక వెంబడి ఆయన బొటనవేలు పోనిచ్చాడు. చివరిదాకా పోయి, మళ్లీ మొదటినుంచీ పోనిచ్చాడు. పెద్దవాళ్లకి కూడా భయమేస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మిగతావాళ్లు వచ్చారు. పాలు గీసే అన్న హెల్మెట్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. జోకు వెయ్యలేదు. అందరూ మావయ్య ఏం చెబుతాడా అని చూస్తున్నారు. ఆయన నా వైపు చెయ్యి చూపించాడు.

"పిల్లోడు ఒక మాట అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఉంటే ఇప్పుడు ఇది ఆ మేకుకి ఉండేది." కాస్త ఆగి, "ఆ మేకులు కొట్టింది నేనే. తప్పు నాది" అన్నాడు.

పందిని చూసి కూడా అంత ఆశ్చర్యపోలేదు నేను. ఆయన మాటకి ఎదురు చెప్పనివాళ్ల ముందు, బురదలో కూర్చుని, చిన్నపిల్లవాడి పేరు చెప్పి ఆ మాట అన్నాడు. మా నాన్న అనగా వినలేదు. మా మాస్టార్లు అనగా వినలేదు. అలా అన్నాక మనిషి చిన్నబోతాడని అనుకునేవాణ్ణి. ఆ తర్వాత వాళ్లు ఆయన్ని లేపి కూర్చోబెట్టిన తీరు చూస్తే తెలిసింది, ఆయన వాళ్లకి ఇంకా పెద్దవాడయ్యాడని. మళ్లీ సెలవుల్లో వెళ్లేసరికి గేటు పక్క మేకులకి హెల్మెట్ల బదులు అన్నం క్యారియర్లు వేలాడుతున్నాయి.

ఆ మనిషి మేనల్లుణ్ణని చెప్పుకోవడానికి నాకు అర్హత తక్కువ. చాంగీ బిజినెస్ పార్క్‌లో చాలాకాలం ఒక టీమ్‌కి పెద్దగా పనిచేశాను. నా కింద పనిచేసే పిల్లలు ఏదైనా అడిగితే ప్రశ్న పూర్తి కాకముందే నా దగ్గర జవాబు ఉండేది. తర్వాత ఆ జవాబు తప్పని తేలినా దాన్నే పట్టుకుని నడిచాను.

నా కొడుకు చిన్నప్పుడు, సాయంత్రాలు ఇద్దరం సైకిళ్ల మీద తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌కి వెళ్లేవాళ్లం. వాడి తల మీద హెల్మెట్ ఉండాల్సిందే. నా తల మీద ఉండేది కాదు. ఇక్కడిదాకానేగా అనుకునేవాణ్ణి. ఇంతా చూసినవాణ్ణి, అలా అనుకున్నాను. ఒకరోజు నూడుల్స్ పళ్లెం ముందు పెట్టుకుని వాడు అడిగాడు, "పా, యూ నెవర్ వేర్ వన్. వై నేనొక్కణ్ణే?" అని. పక్క బల్లల వాళ్లు తిరిగి చూసేలా అరిచాను, నాకు చెప్పేంతవాడివయ్యావా అని. వాడు పళ్లెంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు వాడు నన్ను ఏదీ అడగలేదు. క్రమశిక్షణ అనుకుని సంతోషించాను.

మావయ్య పోయాక, ఆయన కార్యం చూసుకుని బస్సులో కాజ్‌వే దాటుతుంటే ఇదంతా ఒక్కసారిగా మీద పడింది. ఇంటికొచ్చి కొడుకుని కూర్చోబెట్టాను. వాడికిప్పుడు ముప్పై దాటాయి. ఆ రోజు నువ్వడిగింది సరైన మాటరా, తప్పు నాది అన్నాను. వాడు మర్చిపోయి ఉంటాడనుకున్నాను.

"గుర్తుంది పా" అన్నాడు. "ఆ రోజు నేను నూడుల్స్ తినలా."

తర్వాత వాడే లేచి వెళ్లి టీ పెట్టాడు.

ఇప్పుడు చిన్నవాళ్లెవరైనా నన్ను ఏదైనా అడిగితే, నోటి చివరికొచ్చిన జవాబుని మింగి కాసేపు ఆగుతాను. ఆ కాసేపట్లో సిగ్గేస్తుంది. కోపం వస్తుంది. వెనక్కి వెళ్లాలంటే ఎంత దూరముందో, దారిలో ఎవరెవరు నిలబడి నవ్వుతారో కనిపిస్తుంది. ఆ రోజు నాకు వీపు మాత్రమే కనిపించిన మావయ్యకి కూడా ఇవన్నీ కనిపించే ఉంటాయి. అయినా ఆయన బండి తిప్పాడు.