మూడో నెంబరు కుర్చీకి జత కోసం ఉద్దానం దాకా

పాత బంగళాలకు సామాను వెతికి పెట్టడం నా పని. ఇందులో గవర్నర్ల బంగళాలంటే నాకు ఒళ్లు మంట. మామూలు జమీందారు ఇంట్లో ఏ కుర్చీ వేసినా చూసేవాళ్లు ఊరుకుంటారు. గవర్నరు విడిది చేసిన ఇల్లు అనేసరికి ప్రతివాడూ పండితుడైపోతాడు. విశాఖకు ఇవతల సముద్రం ఒడ్డున అలాంటిదొకటి ఉంది. మద్రాసు గవర్నరు ఈ వైపు పర్యటనకు వచ్చినప్పుడు దిగేవాడట. ఇప్పుడది ఒక హోటలు యజమాని చేతికొచ్చింది. లోపలి వస్తువులన్నీ ఆ కాలానివే కావాలని ఆయన పట్టు. మంచాలు, నిలువుటద్దం, మొహం కడుక్కునే పాలరాతి బల్ల ఎలాగో కుదిర్చాను. చిక్కల్లా వరండాలోని పడక కుర్చీ దగ్గర వచ్చింది. కాళ్లు బారజాపుకోవడానికి చేతులు ముందుకు పొడుగ్గా ఉండే రకం అది. అప్పట్లో బంగళా సామాను మీద ముద్ర కాల్చి అంకె వేసేవారు. మా దగ్గరున్న కుర్చీ అడుగుపట్టీ మీద కిరీటం, దాని కింద మూడు అంకె ఉన్నాయి. దాని జత, నాలుగోది, లేదు.

పూండి అవతల పల్లెనుంచి కూర్మారావు గారనే రైతు నా వాకబు సంగతి విని ఫోన్ చేసి, అలాంటి కుర్చీ తన దగ్గరుందని చెప్పడంతో బయల్దేరాను. మీరూ అటు వెళ్లేట్టయితే నాలా విశాఖలో పొద్దున్న రైలెక్కి నౌపడలో దిగండి. రైలు మామూలుగా నడిస్తే టిఫిను వేళకు చేరతారు. స్టేషను బయట ఆటో రోజంతటికీ మాట్లాడుకున్నాను. టెక్కలి, భావనపాడు, పూండి చూపించి సాయంత్రం పలాసలో దించడానికి పదిహేను వందలు. డ్రైవరు సింహాచలం నా సంచీలోంచి తొంగిచూస్తున్న టేపు చూసి, "ఏటి మేడమ్, స్థలం కొలతకి వచ్చేరేటి?" అన్నాడు. కుర్చీ కోసమన్నాను. "కుర్చీకా? పలాసలో ప్లాస్టిక్‌వి బోలెడు దొరుకుతాయి కదండీ," అన్నాడు. ఉప్పుమళ్లు దాటేవరకూ అదే తలుచుకుని నవ్వుకున్నాడు.

టెక్కలిలో ముందుగా ఒక పాత మేడ చూశాను. అక్కడ కుర్చీలున్నాయి గానీ అన్నీ తర్వాతివే, పైగా ఆకుపచ్చ రంగు వేసేశారు. గట్టి టేకుకి ఎనామిల్ పూసేవాళ్లను ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఇడ్లీ తిని భావనపాడు పోయేసరికి పడవలు తిరిగొచ్చి ఒడ్డున బేరాలు సాగుతున్నాయి. ఇసుకలో ఎండుచేపలు పరిచి ఉన్నాయి. హార్బరు దగ్గర తాటాకు కప్పిన హోటల్లో చేపల పులుసుతో భోజనం నూట ఇరవై. వండే ఆవిడ రెండోసారి పులుసు పోస్తూ, "తినమ్మా, ఉద్దానం ఎల్తన్నావు కదా. అక్కడ నీళ్లు మాత్రం సీసాలోవే తాగు," అంది. ఆ పల్లెల్ని పీడిస్తున్న కిడ్నీ జబ్బు నీళ్ల వల్లేనని అందరి అనుమానం. అయినా ఆ మాటలో భయమేమీ లేదు. గొడుగు తీసుకెళ్లమన్నట్టే చెప్పింది.

అక్కణ్ణుంచి పూండి వైపు దారంతా కొబ్బరితోటలు, వాటి వెనక జీడిమామిడి. తుఫానులకు తలలు పోయిన చెట్లు మధ్యమధ్య ఇంకా అలాగే నిలబడి ఉన్నాయి. కూర్మారావు గారి ఇల్లు ఊరి చివర ఉంది. ఆయన లేరు. భార్య దాలమ్మగారు వరండాలో జీడిగింజలు ఆరబోస్తున్నారు. కుర్చీ ఆమె వెనకే ఉంది. పేము ఎప్పుడో పోయినట్టుంది, దాని బదులు కొబ్బరితాడు అల్లారు. చేతులు అరిగి నున్నగా అయ్యాయి. ఒళ్లంతా అదే పనితనం.

"మా మావగారి తండ్రి కాలంలో దొర ఈ ఒడ్డున డేరాలేసేడట," అని చెప్పుకొచ్చారు దాలమ్మగారు. "బంగళా నుంచి కుర్చీలు పడవలో ఒచ్చేయట. మంచాలు సాలక ఊళ్లో ఇంటికొకటి అడిగేరట. ఎల్లిపోయినప్పుడు ఆల బంట్రోతులు మా మంచం అట్టుకుపోయి, ఈ కుర్చీ ఒగ్గేసేరు. మంచం ఇత్తే కుర్చీ ఒచ్చింది." దొరగారి వస్తువు తిరిగివ్వడానికి వెళితే దొంగతనం అంటగడతారని ఎవరూ వెళ్లలేదట. నాకు నవ్వొచ్చింది. ఇన్నాళ్లుగా నేను వెతుకుతున్నది ఒక నులకమంచానికి బదులుగా మిగిలిపోయిందన్నమాట.

కుర్చీని బోర్లించాను. దాలమ్మగారు ఫోను లైటు పట్టుకున్నారు. మట్టి తుడిస్తే కిరీటం, కింద నాలుగు కనబడ్డాయి.

"ఉందా?" అన్నారామె.

"ఉందమ్మా."

ఆమె సంతోషిస్తారనుకున్నాను. లైటు ఆపేసి అక్కడే చతికిలబడ్డారు. "మా ఆయన పలాస ఎల్లేడు, రగతం కడిగించుకోడానికి. రోజు తప్పించి రోజు అదే పని. ఒచ్చేక మంచం మీద పడుకోనేడు, ఆయాసం. దీన్లోనే ఒరిగి నిద్దరోతాడు. నాలుగేళ్లయింది."

"మరి అమ్ముతామని ఆయనే ఫోన్ చేశారు కదా?"

"అదే సెప్తన్నాను. మా ఇళ్లల్లో మనిసి పోతే వాడిన మంచం, పడకా ఉంచరు. సిన్నదినం నాడు ఊరవతల ఒగ్గేత్తారు. తాతల కుర్చీ అలా ఎండకీ వానకీ పోకూడదని ఆయన బాధ. తను ఉండగానే మంచి సోటికి పంపీయాలంటాడు." కొంగుతో మొహం తుడుచుకున్నారు. "కుర్చీ గుమ్మం దాటితే ఆయన ఎల్లిపోడానికి మేమే ఒప్పుకున్నట్టు కాదేటమ్మా?"

అంతలో ఇంటిముందు ఇంకో ఆటో ఆగింది. చేతికి కట్టు ఉన్న సన్నటి మనిషి దిగి, మెల్లగా మెట్లెక్కి, గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. ఆయన కుర్చీ నేలమీద బోర్లా పడి ఉంది. నా మీద నాకే కోపం వచ్చింది. దాలమ్మగారూ నేనూ గబగబా దాన్ని నిలబెట్టాం. ఆయన ఒరిగి, కాళ్లు కుర్చీ చేతులమీద చాపి, చాలాసేపు ఊపిరి కూడగట్టుకున్నారు.

"దొర దీన్లో రెండు రోజులు కూకున్నాడట. నాను నాలుగేళ్లు కూకున్నాను," అన్నారు చివరికి. "ఇప్పుడు అట్టుకెళ్లిపో అమ్మా. ముద్ర సూసేవా?"

దాలమ్మగారు నా వైపు చూడలేదు. జీడిగింజలు చేత్తో ఒకటే కలుపుతున్నారు.

"చూశానండీ. ఇది ఆ కుర్చీ కాదు," అన్నాను. "దొరలది కాదు. ఇక్కడి పనే. మాకు పనికిరాదు."

దాలమ్మగారి చెయ్యి ఆగింది. కాఫీ పెడతానని లేచి లోపలికి వెళ్లారు. ఆమె వెళ్లేదాకా ఆగి, కూర్మారావు గారు కళ్లు మూసుకునే అన్నారు: "కిరీటం కింద నాలుగు. సిన్నప్పుడు దీని కింద దూరి ఆడుకునేవోణ్ణి."

నేను తల దించుకున్నాను.

"మంచిపని సేసేవు. ఈయేళ మా దాలమ్మ నిద్దరోతాది. నీ నెంబరు నా కాడుంది. నానెల్లిపోయాక మా మేనల్లుడు ఫోన్ సేత్తాడు. ఊరవతల ఒగ్గీకముందే ఒచ్చి అట్టుకుపో."

కాఫీ తాగి లేస్తే దాలమ్మగారు ఆటోదాకా వచ్చి జీడిపప్పు పొట్లం చేతిలో పెట్టారు. "ముద్ర ఉన్నట్టు ఆయనకి తెలీనీకమ్మా," అన్నారు. తెలియనివ్వనన్నాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. పలాస స్టేషనుదాకా సింహాచలం ఒక్క జోకూ వేయలేదు. దిగేటప్పుడు మాత్రం, "కుర్చీ దొరకలేదేటి మేడమ్?" అన్నాడు. ఉందనీ, ఇప్పుడే రాదనీ చెప్పాను. ఆ దంపతులిద్దరి పేర్లూ మార్చే ఇది రాస్తున్నాను. ఊరి పేరు అడగొద్దు.

హోటలు యజమానికి ఉన్నదున్నట్టు చెప్పాను. నకలు చేయిద్దామన్నారు, వద్దన్నాను. కాసేపు గొణిగి ఊరుకున్నారు. ఇప్పుడు ఆ వరండాలో మూడో నెంబరు పక్కన ఖాళీ ఉంది. గవర్నర్లు ఎందరో వచ్చి వెళ్లిన ఆ ఇంట్లో నేను సమకూర్చిన వాటన్నిటికన్నా నాకు ఆ ఖాళీ అంటేనే ఇష్టం. తెలియని నెంబరునుంచి ఫోనొస్తే మాత్రం ఎత్తడానికి చెయ్యి రాదు. ఆ ఖాళీ ఏళ్ల తరబడి అలాగే ఉండాలి.

ఉద్దానం వెళ్లేవాళ్లకు ఒక్క సూచన. ఏ ఇంటి వరండాలోనైనా పడక కుర్చీ ఖాళీగా కనబడితే అడక్కుండా కూర్చోకండి. దాని మనిషి పలాసనుంచి తిరిగొస్తూ ఉండొచ్చు.