చమురు సినిమాలో తెల్ల చొక్కాలు

నిన్న ఫోనులో పాత అమెరికా చమురు కంపెనీ ప్రచార చిత్రం ఒకటి కనిపించింది. తొంభైల్లో నాలాగే గల్ఫ్‌లో, రిఫాలో పెరిగినవాళ్ళయితే మీకూ గుర్తుండే ఉంటుంది. శుక్రవారం సాయంత్రాలు నాన్న వాళ్ళ కంపెనీ క్యాంపు గోడకు దుప్పటి కట్టి ఇలాంటివే వేసేవారు. వేడెక్కిన ప్రొజెక్టరు వాసన. తెర మీద తెల్ల చొక్కాల దొరలు నవ్వుతూ చమురు గొట్టాల మీది చక్రాలు తిప్పేవారు.

నాన్న ఊపిరాడని చమురు ట్యాంకుల్లోకి దిగి అడుగున మడ్డి ఎత్తేవారు. అమ్మ భయపడుతుందని ఆ సంగతి దాచారు. ఒకరోజు అమ్మకు తెర చూపించి, "నా డ్యూటీ కూడా ఇలాంటిదేనే," అన్నారు.

ఇంటికొచ్చాక అమ్మ ఎప్పటిలాగే ఆయన చొక్కాను కిరసనాయిల్లో నానబెట్టింది.

"ఏవండీ, ఆ దొరల చొక్కాలు ఎవరు ఉతుకుతారో చూపించలేదేం?"

నాన్న నవ్వబోయి ఆగిపోయారు. "నీకెప్పుడు తెలిసిందే?"

"మొదటి చొక్కాకే. దిగే రోజు చెప్పి వెళ్ళండి, దండం పెట్టుకుంటాను."

అప్పటినుంచి "ఇవాళ దిగుతున్నా" అని చెప్పే గడప దాటేవారు. ఆయన తిరిగొచ్చేదాకా అమ్మ దేవుడి దగ్గర దీపం కొండెక్కనిచ్చేది కాదు.

నిన్న ఆ చిత్రం చివరిదాకా చూశాను. చొక్కాలన్నీ ఇంకా తెల్లగానే ఉన్నాయి. ఎందుకో అలసటగా అనిపించింది. లేచి దీపంలో కాస్త నూనె పోసి వచ్చాను. ఇవాళ దిగేవాళ్ళు ఎవరింట్లోనో ఉంటారుగా.