మెయిన్ స్విచ్ ఎక్కడ పెట్టాలి?

మెదక్‌లో ఇళ్లకు వైరింగ్ చేసే సమ్రీన్ ఆ పనిని తండ్రి బద్రుద్దీన్ దగ్గర నేర్చుకుంది. ఆమె సొంతంగా ఒప్పుకున్న మొదటి పని మదన్ మోహన్ గారి కొత్త ఇల్లు. గుమ్మం పక్కన మెయిన్ స్విచ్ ఉంటే అందం చెడుతుందని, మెట్ల కింది గదిలో పెట్టమని ఆయన పట్టుబట్టాడు.

"రూల్ ఒప్పుకోదు సార్. కరెంటు లోపలికొచ్చే కాడనే, చేతికందేటట్టు ఉండాలె," అంది సమ్రీన్.

"గా రూల్ ఎవరు చూస్తరమ్మా?"

"అయితే ఇల్లంత పొగ కమ్మిందనుకోండ్రి. జర కండ్లు మూసుకొని ఆ గదిలకు పోయి చూడుండ్రి."

ఆయన సరదాపడి కళ్లు మూసుకున్నాడు. నాలుగడుగులు వేసి, సిమెంటు బస్తా తగిలి దాని మీదే చతికిలబడ్డాడు. భార్య గోదావరి పగలబడి నవ్వింది.

"గుమ్మం కాడనే పెట్టు బిడ్డా, నాకందే ఎత్తుల," అంది. ఆయన కూడా నవ్వుతూ లేచి సరేనన్నాడు.

కనెక్షన్ వచ్చిన రోజు సమ్రీన్ ఆ స్విచ్‌ను గోదావరి చేతే వేయించింది. ఇల్లంతా ఒక్కసారిగా వెలిగింది. చూడటానికి వచ్చిన బద్రుద్దీన్‌తో మదన్ మోహన్, "నిజాంపేటల మా తమ్ముడు ఇల్లు కడ్తుండు భాయ్. మీరు రాకున్నా సరే, బిడ్డను పంపుండ్రి," అన్నాడు.

బద్రుద్దీన్ సంతోషం పట్టలేక అప్పటికప్పుడే అందరికీ మిఠాయి తెప్పించాడు.