టీకాల తాత ఫికర్

మట్టెవాడలో మా పక్కింటి తాత మడికొండ నుంచి నెక్కొండ దాకా ఊరూరా తిరిగి మశూచి టీకాలు వేసేవాడు. ఎవరు ఎదురైనా ముందు చొక్కా చేయి పైకి మడిచి మచ్చ ఉందో లేదో చూసేవాడు. పెళ్లిపీటల మీది పెళ్లికొడుకును కూడా వదల్లేదు.

మనుషులు చంద్రుడి మీద దిగి వచ్చినప్పుడు అందరం సంబరపడ్డాం. అక్కడి రోగమేదైనా అంటిందేమోనని వాళ్లను మూడు వారాలు విడిగా ఉంచుతున్నారని పేపర్లో చదివి చెప్పగానే తాత ముఖం వాడిపోయింది. ఆయనది ఉర్దూ చదువు. తెలుగు పేపరు చదివించుకోవడానికి రోజూ పొద్దున్నే నా దగ్గరికి వచ్చేవాడు.

"టీచరమ్మా, వాళ్లకు జరం గిట్ల వచ్చిందా?"

"రాలేదు తాతా. నీకెందుకింత ఫికర్?"

"కొత్త రోగమైతే నా సూది పనికొస్తదా బిడ్డా?"

చివరికి వాళ్లను క్షేమంగా బయటికి వదిలారు. తెచ్చిన మట్టిలో ప్రాణమున్నది ఏదీ కనబడలేదట. ఆ వార్త చదువుతుంటే నాకు దిగులేసింది. చిన్న పురుగైనా ఉంటుందని ఆశపడ్డాను మరి. తాత మాత్రం టీకాల సంచి పక్కన పెట్టి, అరుగు మీద కాళ్లు బారజాపి హాయిగా నవ్వాడు.

"బతికినం బిడ్డా. ఆ ఒక్క ఊరికి నేను పోయే పని లేదు."